పిల్లల ర్యాపిడ్ చెస్ టోర్నమెంట్: ఆట నడిపిన తీరుకి నాలుగు స్టార్లు, శుభ్రతకి రెండే

హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్ళు ఫంక్షన్ హాల్లో పెట్టిన అండర్-9, 11, 13 ర్యాపిడ్‌కి (తక్కువ టైములో ముగిసే చెస్) ఆదివారం మావాణ్ణి తీసుకెళ్ళాం. టైముకి మొదలుపెట్టారు, క్లాకులు సతాయించలేదు, ఆర్బిటర్లు (రిఫరీలు) చిన్నపిల్లల్ని కసురుకోకుండా ఓపిగ్గా రూల్ చెప్పారు, పెయిరింగ్స్, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే చార్ట్, గోడకి అంటించడమే కాకుండా ఫోన్లకి కూడా పంపడంతో చార్ట్ దగ్గర తోపులాట బాగా తగ్గింది. వీటికి వంక పెట్టేదేం లేదు. నా బాధంతా జలుబులు జ్వరాల గురించే, ఎందుకంటే వానాకాలంలో టోర్నమెంట్ అయిన రెండో రోజుకి పిల్లాడు మంచమెక్కడం చెస్ తల్లిదండ్రులకి మామూలైపోయింది, రివ్యూల్లో మాత్రం ఎవరూ రాయరు.

స్విస్ పద్ధతి తెలిసిందేగా, గెలిచినా ఓడినా ప్రతి రౌండ్‌కీ కొత్త పిల్లాడు ఎదురొస్తాడు. 7 రౌండ్లంటే ఏడుగురితో ఆటకి ముందోసారి, అయ్యాక ఓసారి షేక్ హ్యాండ్, మీటరు దూరం కూడా లేకుండా ఎదురెదురుగా కూర్చోవడం, పైగా బోర్డు మారితే ఇంకెవరో పట్టుకున్న పావులు మనవాడి చేతికి. తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే మొదటి వరసలో ఒక బుడ్డోడు తను కొట్టిన తెల్ల గుర్రాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని తీరిగ్గా ఆలోచిస్తున్నాడు, ఆట అయ్యాక చొక్కాకి కూడా తుడవకుండా బోర్డు మీద పెట్టి వెళ్ళిపోయాడు, తర్వాతి రౌండ్‌కి అదే గుర్రం ఆట మొదట్లో ఉండాల్సిన జీ1 గడిలో రెడీ. పావుల్ని తుడవడానికి ఒక వాలంటీర్, నాలుగు గుడ్డలు చాలు కదా!

శానిటైజర్ సీసా ఒక్కటే ఉంది, భోజనాల టైముకి అదీ అడుగంటింది. చేతులు కడుక్కునే చోట సబ్బే లేదు. జెల్ ఉంటే సబ్బెందుకు అనుకుంటారేమో, వాంతులూ విరేచనాలూ తెప్పించే నోరోవైరస్‌కి జెల్ అంతగా పనిచేయదు, సబ్బుతో 20 సెకన్లు రుద్దాల్సిందే. ఇక ఏసీ కోసమని కిటికీలన్నీ బిగించేశారు, కనీసం రౌండ్ల మధ్య గ్యాప్‌లో అయినా తలుపులు బార్లా తీసుంటే గాలి మారేది.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. "సార్, షేక్ హ్యాండ్ బదులు నమస్కారం పెట్టిస్తే ఏమన్నా ఇబ్బందా?" అని చీఫ్ ఆర్బిటర్‌ని అడిగితే "ఇబ్బందేముందండీ" అని ఆ తర్వాతి రౌండ్ నుంచే మైకులో చెప్పేశారు. పిల్లలు నవ్వుకుంటూ పెట్టారు. 2020 మార్చిలో, ప్రపంచ చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్‌లోనే షేక్ హ్యాండ్ తప్పనిసరి కాదన్నారు, చివరికి ఆ టోర్నమెంట్‌నే సగంలో ఆపి మిగతా సగం 2021 ఏప్రిల్‌లో ఆడించారు, అలాంటిది మన పిల్లల ర్యాపిడ్‌లో చేతులు కలపకపోతే వచ్చే నష్టమేంటి.

అసలు రోగం మాత్రం రూల్స్ కాగితంలో ఉంది. 'ఎంట్రీ ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు.' బయట కుర్చీల్లో నా పక్కనున్నావిడ "పొద్దున 101 ఉందండీ, పారాసెటమాల్ వేశా, ఇప్పుడు బానే ఉన్నాడు" అన్నారు. ఆవిణ్ణి అనడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఫీజు పోతుంది, వాడు నెలరోజుల్నుంచి ఎదురుచూస్తున్నాడు, ఊరి నుంచి బస్సులో వచ్చారు. కానీ మాత్రతో తగ్గేది ఒంటి వేడి, పక్కవాడికి అంటుకోవడం కాదు. మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే నలుగురిలోకి పంపాలని డాక్టర్లు చెప్తారు. ఆటలమ్మ అయితే పొక్కులు కనపడకముందే ఒకట్రెండు రోజుల నుంచి అంటుకుంటుంది, దాన్ని ఎవరూ పట్టుకోలేరు, ఒప్పుకుంటా. 2023 వానాకాలంలో ఊరంతా వచ్చిన కళ్ళకలక అలా కాదుగా, కళ్ళు ఎర్రగా ఊసులతో ఉంటే రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గరే తెలిసిపోతుంది.

డబ్బు వెనక్కిస్తే ప్రైజులకి కష్టమంటారు, నిజమే. వెనక్కివ్వొద్దు, ఆ ఫీజుని తర్వాతి టోర్నమెంట్‌కి జమ చేయండి, పొద్దున రిపోర్టింగ్ టైముకి ముందు మెసేజ్ పెట్టినవాళ్ళకే, ఏడాదికి ఒక పిల్లాడికి ఒక్కసారే అని పెట్టండి, దొంగ జ్వరాలు చెప్పేవాళ్ళకి కూడా అడ్డుకట్ట పడుతుంది. వంద సీసాల శానిటైజర్ చేయని పని ఆ ఒక్క లైను చేస్తుంది.

దసరా సెలవుల్లో వీళ్ళదే ఇంకో టోర్నమెంట్ ఉందట. ఆట బాగా నడుపుతారు కాబట్టి వెళ్ళాలనే ఉంది, కానీ రూల్స్ కాగితం చూశాకే ఫీజు కడతా, కట్టినా మావాడి బ్యాగులో సబ్బు పెట్టి పంపిస్తా.