బుక్ రేటు చూపించి ఫారిన్ కాయిన్లు అమ్మేవాళ్లతో జాగ్రత్త

ఫారిన్ కాయిన్లు కొనేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. ముఖ్యంగా "బుక్ రేటులో సగానికే ఇస్తున్నా" అన్న మాట వినగానే ఫోన్‌పే తెరిచేవాళ్లు. బుక్ రేటు అంటే కాయిన్ల కేటలాగ్‌లో అచ్చు వేసిన ధర. నాకు అలా అమ్మిన డీలర్ ఎవరో వాట్సాప్ వేలం గ్రూపుల్లో ఉన్నవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో లోపలికి అడుగు పెట్టగానే కనిపించే పెద్ద టేబుల్ అతనిదే. పేరు ఇక్కడ రాయను, జరిగింది మాత్రం దాచను. నిన్నటి నుంచి కోపం తగ్గడం లేదు.

అంతకు ముందు రోజు అతని దగ్గర ఒక లాట్ కొన్నాను. ఐల్ ఆఫ్ మ్యాన్ పిల్లుల క్రౌన్లు, సియెరా లియోన్ జంతువుల డాలర్లు. అన్నీ రాగి, నికెల్ కలిసినవే, వెండి రవ్వంత లేదు. ఒక్కో కాయిన్‌కీ క్రౌస్ కేటలాగ్ (ప్రపంచ దేశాల కాయిన్ల వివరాలు, ధరలు ఉండే పుస్తకం) తెరిచి, కేఎం నంబరు (అందులో ఒక్కో కాయిన్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) మీద వేలు పెట్టి, "చూడండి సార్, యూఎన్‌సీకి బుక్ ఇంత చెబుతోంది, మీకు సగానికే" అన్నాడు. యూఎన్‌సీ అంటే చేతులు మారి అరగని కొత్త కాయిన్. పక్కన మా అమ్మాయి ఉంది. పిల్లుల కాయిన్లు తనకే. పండక్కి పెద్దవాళ్లు ఇచ్చిన డబ్బులు దాచుకుని అందులో కలిపింది.

నిన్న మా బావగారు టొరంటో నుంచి తెచ్చి ఇచ్చిన కాయిన్లు కొన్ని అతని దగ్గరికే తీసుకెళ్లాను. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ కోసం కెనడా వేసిన పది డాలర్ల వెండి కాయిన్లు. ఒక్కోటి 48.6 గ్రాములు, 925 వెండి, అంటే వెయ్యిలో 925 వంతులు వెండి. ఆ లెక్కన ఒక్క కాయిన్‌లో దాదాపు 45 గ్రాముల అసలు వెండి. అతను మళ్లీ అదే బుక్ తెరిచాడు. 2017 ఎడిషన్. ఆ ధరలు వేసే నాటికి ఔన్సు వెండి 15 నుంచి 20 డాలర్ల మధ్య ఉండేది. 2025 అక్టోబరులో 50 డాలర్లు దాటింది. అతను నాకు చెప్పింది ఆ పాత ధర.

"బుక్ రేటు ఇదే సార్. ఇంతకన్నా రూపాయి ఎక్కువ రాదు."

"కరిగిస్తే వచ్చే వెండి విలువే దీనికి రెట్టింపు ఉంది కదండీ" అన్నాను.

"వెండి రేటు కావాలంటే వెండి కొట్టుకెళ్లండి. ఇక్కడ బుక్కే రేటు."

సరే, బుక్కే రేటు అయితే నిన్నటి లాట్ ఇదిగో, హోల్డర్లు కూడా తెరవలేదు, బుక్ రేటులో సగానికే అమ్మారు కదా, ఆ ధరకే వెనక్కి తీసుకోండి అన్నాను. నవ్వాడు. చుట్టూ టేబుళ్ల వాళ్లందరికీ వినపడేలా అన్నాడు: "బుక్ చూసి ఎవరు కొంటారు సార్? బుక్ ఊరికే గైడ్. వీటికి గిరాకీ ఎక్కడుంది? మీరిచ్చిన దాంట్లో పావు వంతు ఇస్తా, ఇష్టమైతే పెట్టి వెళ్లండి, లేదంటే జరగండి, వెనక కస్టమర్లున్నారు."

అదే మనిషి, అదే టేబుల్, అదే పుస్తకం. నా వెండి కాయిన్ కొనేటప్పుడు ఆ పుస్తకం శిలాశాసనం. తను అమ్మిన కాయిన్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చేసరికి అది ఊరికే గైడ్. ఈ రెండు మాటల మధ్య ఐదు నిమిషాలు కూడా లేవు. డబ్బు పోయినందుకు కాదు ఇంత బాధ. పాప ముందు "జరగండి" అన్నాడే, అది మింగుడు పడటం లేదు. ఇంటికి వచ్చాక "నాన్నా, ఆ అంకుల్ నిన్న వేరే చెప్పాడు కదా" అంది. పదకొండేళ్ల పిల్లకి అర్థమైంది అది.

పుస్తకాన్ని తప్పు పట్టను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని అయోలా నుంచి 1972లో మొదటిసారి వచ్చిన ఆ కేటలాగ్ వల్లే ప్రపంచమంతా కాయిన్లని కేఎం నంబర్లతో గుర్తుపడుతోంది. లోహం, బరువు, ఏ ఏడాది ఎన్ని వేశారు, ఇవన్నీ దానిలో చూసుకోవచ్చు. ధరల సంగతి వేరు. అన్ని దేశాల అన్ని కాయిన్లకీ మార్కెట్‌లో ఏం పలుకుతోందో ఏటా చూసి రాయడం ఎవరి వల్లా కాదు. అందులో ఉండేవి అమెరికాలో డీలర్ కస్టమర్‌కి అమ్మే ధరల అంచనాలు, మన దగ్గర డీలర్ కొనే ధరలు కావు. చవక కాయిన్లకి వేసిన అంకెలో ఎక్కువ భాగం డీలర్ దాన్ని వెతికి తీసి ఇచ్చే శ్రమకే. పైగా ఆ ప్రచురణ నడిపిన మాతృసంస్థ 2019లో దివాలా తీసింది.

నేను కొన్న రకం కాయిన్లకి ఈ తేడా మరీ ఎక్కువ. సియెరా లియోన్ డబ్బు లియోన్. ఈ 'డాలర్లు' అక్కడి బజార్లో చెలామణి కోసం వేసినవి కావు, ఇంగ్లండ్‌లోని పాబ్జాయ్ మింట్ అనే టంకశాల కలెక్టర్ల కోసం వేసినవి. ఆ మింట్ 2023లో మూతపడింది. ఇలాంటివి జేబుల్లో తిరిగి అరిగిపోవు, ఎన్నేళ్లైనా ఎక్కువ భాగం యూఎన్‌సీగానే మార్కెట్‌లోకి వస్తుంటాయి. కేటలాగ్‌లో మాత్రం విడుదలైనప్పుడు అమ్మిన ధర చుట్టూనే అంకె ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. దాన్ని చూపించి సగం తగ్గించానంటే, నిజంగా తగ్గించింది ఏమీ లేదు.

కొనేముందు ఇవి చూసుకోండి. బుక్ ఏ ఏడాది ఎడిషనో అడగండి. ఆన్‌లైన్‌లో ఎంతకి పెట్టారో కాదు, ఎంతకి అమ్ముడుపోయిందో చూడండి. కేఎం నంబరు చివర ఇంగ్లిష్ 'ఏ' (a) అక్షరం ఉంటే అది చాలాసార్లు అదే డిజైన్‌లో వేరే లోహానిది, వెండి ప్రూఫ్ (కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా మెరుగుపెట్టి వేసిన కాయిన్) ధర చూపించి నికెల్ కాయిన్ అంటగట్టొచ్చు. వెండి కాయిన్ అమ్మేటప్పుడు బరువుని స్వచ్ఛతతో, ఆ రోజు గ్రాము వెండి రేటుతో గుణించి ఆ అంకె రాసుకుని వెళ్లండి. ముఖ్యంగా, ఇదే కాయిన్ నేను రేపు తెస్తే ఎంతకి తీసుకుంటావని డబ్బు ఇచ్చేముందే అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.

ఈ ఉదయం అతను గ్రూపులో మళ్లీ పిల్లుల క్రౌన్లు పెట్టాడు, 'బుక్ రేటులో సగం' అనే. ఎవరైనా అడ్వాన్స్ వేసి ఉంటే వెంటనే ఆపండి. నా దగ్గర అతను ఇచ్చిన బిల్లు, బుక్ పేజీల ఫొటోలు ఉన్నాయి. కావాల్సినవాళ్లు మెసేజ్ చేయండి, పంపిస్తాను.