24 హల్లుల గుర్తులు: ఆరేళ్లు వాడాక

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. నా చదువంతా తెలుగు మీడియమే. డిక్షనరీలో పదం పక్కన రెండు ఏటవాలు గీతల మధ్య కనిపించే ఉచ్చారణ గుర్తుల్ని ఇంటర్లో మార్కుల కోసం బట్టీ పట్టాను, పరీక్ష అవగానే వదిలేశాను. ఆరేళ్ల కిందట ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె అడిగింది: "సార్, వెస్ట్ అంటే పడమరా, బనియనా?" రెండు పదాల స్పెల్లింగూ వేరు. నా నోట్లో మాత్రం రెండూ ఒకటే. తెలుగు అక్షరాల్లో రాసినా తేడా కనిపించదు. ఆ సాయంత్రం డిక్షనరీ తీసి, ఆ గుర్తుల్ని మొదటిసారి నిజంగా చదివాను.

ముందుగా, భయపడేంత పనేమీ లేదు. బ్రిటిష్ ఇంగ్లిష్ హల్లులు మొత్తం 24. వాటిలో 16 గుర్తులు మనకు తెలిసిన ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాలే, పలుకూ మనం అనుకునేదే. ఒకటి తికమక పెడుతుంది. 'జె' అక్షరం కనిపిస్తే జ కాదు, య అని చదవాలి. 'యెస్' పక్కన ఆ గుర్తు చూసి నేను చాలాసేపు తప్పు అచ్చయిందేమో అనుకున్నాను. జర్మన్ వాళ్లు ఆ అక్షరాన్ని య గానే పలుకుతారని తెలిశాక కుదుటపడ్డాను. కొత్తగా నేర్చుకోవాల్సినవి మిగిలిన ఏడే.

నాకు అసలు దారి చూపింది మన వర్ణమాల. క నుంచి ప దాకా వర్గాలు గొంతు దగ్గర మొదలై పెదవుల దగ్గర ఆగుతాయి కదా. డిక్షనరీ గుర్తులకు మూలమైన అంతర్జాతీయ ధ్వని పట్టిక పెదవుల దగ్గర మొదలై గొంతు వైపు వెళ్తుంది. పరుషాలు, సరళాలు అని మనం చిన్నప్పుడు నేర్చుకున్న జంటలే అక్కడా పక్కపక్కన కూర్చుంటాయి. ఇది పిల్లలకు చెప్పిన రోజు వాళ్ల మొహాలు వెలిగాయి. తెలుగు సార్ చెప్పిందే ఇంగ్లిష్ పీరియడ్లో పనికొస్తోందని వాళ్లకు తెలిసింది.

ఇబ్బందంతా మనకు జోడీ లేని చోట. క కి గ ఉన్నట్టు మన స కి సరళమైన జంట లేదు. అందుకే 'జీరో', 'జూ' అని జ తో సరిపెడతాం. 'జడ', 'జొన్న' అనేటప్పుడు పలికే దంత్య జ కొంత దగ్గర, కానీ అక్కడ నాలుక తగిలి విడుతుంది. ఇంగ్లిష్ జెడ్ ధ్వనిలో తగలకూడదు. స అంటూ సాగదీసి, ఆపకుండా గొంతు కలపాలి. వేళ్లు గొంతు మీద పెట్టుకుంటే స కి ఏమీ తెలియదు, రెండోదానికి తేనెటీగ పట్టుకున్నట్టు జివ్వుమంటుంది. ఇది వచ్చాక బహువచనాల గుట్టు విడిపోయింది: 'బుక్స్' చివర స, 'పెన్స్' చివర ఆ జివ్వుమనేది. స్పెల్లింగ్‌లో మాత్రం రెండు చోట్లా ఎస్ ఒక్కటే!

'థ్యాంక్స్' మొదటి ధ్వనికి గుర్తు, మధ్యలో అడ్డగీత ఉన్న నిలువు సున్నా. మనం థ అంటాం. థ ని సాగదీయలేం, నాలుక గాలిని ఆపేస్తుంది. నాలుక కొసను పళ్ల మధ్య సుతారంగా ఉంచి, ఊపిరి అయిపోయేదాకా ఊదగలిగితే అది సరైన ధ్వని. కొక్కెం వేలాడే ఎన్ గుర్తు మాత్రం మన సొంతం. 'గంగ' అని మొదలుపెట్టి రెండో గ కి ముందు ఆగండి, అదే. 'సింగర్'లో అక్కడితో సరి, గ రాదు. 'ఫింగర్'లో గ ఉంది. స్పెల్లింగ్ చూసి ఎవరు చెప్పగలరు?

నన్ను ఎక్కువగా కదిలించింది చిన్న మాట 'ఆఫ్'. 'స్విచ్ ఆఫ్'లోది కాదు, 'కప్ ఆఫ్ టీ'లోది. రోజుకు వందసార్లు వాడే ఈ మాట చివర ఎఫ్ రాస్తాం, డిక్షనరీలో అక్కడ వి గుర్తు ఉంటుంది. చిన్నప్పటి నుంచి నేను తప్పుగానే పలికాను, ఎవరూ దిద్దలేదు. 'ప్లంబర్'లో బ పలకదని కూడా ఆ వారంలోనే తెలిసింది.

లోపాలూ చెప్పాలి. గుర్తు చూస్తే నోరు దానంతటది తిరగదు. నేను కొన్నాళ్లు వెళ్లిన ఒక శిక్షణ కేంద్రంలో గుర్తుల్ని చార్టు మీద రాయించారు, ఒక్కసారి కూడా పలికించలేదు. నాకు బాధ కలిగించిన విషయం అది. డిక్షనరీ యాప్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి, విని, అద్దంలో పెదవులు చూసుకుంటేనే పని జరుగుతుంది. 'వెస్ట్' బనియనైతే పైపళ్లు కింది పెదవిని తాకాలి. పడమరైతే ముందు పెదవులు గుండ్రంగా ముడుచుకోవాలి. ఇంకోటి, డిక్షనరీ అన్నీ చెప్పదు. 'పిన్' మొదట్లో ప తో పాటు గాలి గట్టిగా వస్తుంది, 'స్పిన్'లో రాదు. గుర్తు మాత్రం రెండింటికీ ఒకటే. అరచేతిలో సన్నని కాగితం ముక్క పెట్టుకుని నోటి ముందు పలికితే తేడా కనిపిస్తుంది. మన ట కి నాలుక వెనక్కి మడుస్తాం, వాళ్లది పైపళ్ల వెనక చిగురు దగ్గర. అదీ గుర్తులో తెలియదు.

డిక్షనరీ కొనేముందు లోపల చూసుకోండి. కొన్ని అమెరికన్ డిక్షనరీలు ఈ గుర్తులు కాక సొంత పద్ధతి వాడతాయి. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్‌లో ఇవే ఉంటాయి, నేను ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను.

ఆరేళ్ల తర్వాత కూడా 'మెజర్', 'ప్లెజర్' మధ్యలో వచ్చే ధ్వని, గీత కిందికి జారిన 3 లాంటి గుర్తు, తొందరలో మాట్లాడితే నాకు జ గానే వస్తుంది. ఈ నెలలో రోజూ పది నిమిషాలు దాని మీదే కూర్చుంటున్నాను.