చేత్తో కట్టిన 15 వాట్ల ట్యూబ్ యాంప్: తొలి వారం రాసుకున్నవి, మూడేళ్ల తర్వాత తేలినవి

ఈ గిటార్ యాంప్ (గాజు ట్యూబులతో గిటార్ సంకేతాన్ని పెంచి స్పీకర్‌లో పలికించే పెట్టె) నా దగ్గరికి వచ్చిన మొదటి వారంలో రాసుకున్న రెండు పేజీల నోట్సు ఇప్పటికీ దాచుకున్నాను. అందులో పైస్థాయి చెవికి గుచ్చుకుంటోందనీ, మంద్ర స్వరాలు ముద్దగా వస్తున్నాయనీ, వాల్యూమ్ నాలుగు దాటితే శుభ్రమైన స్వరం దొరకడం లేదనీ ఫిర్యాదులు ఉన్నాయి. చివర ఒక్క వాక్యం మాత్రం వేరుగా ఉంది: "గిటార్ మీది నాబ్‌కు ఇంతగా బదులిచ్చే యాంప్‌ను ఇంతవరకు వాయించలేదు." మూడేళ్లుగా దాదాపు ప్రతిరోజూ వాయించిన తర్వాత ఆ నోట్సును మళ్లీ చదివితే, అందులో చాలా మాటలు తొందరపాటువని తెలుస్తోంది. ఎందుకు తొందరపాటో వివరించడానికే ఈ సమీక్ష.

ఒక్క మనిషి నడిపే చిన్న వర్క్‌షాపులో, ఆర్డరు ఇచ్చిన ఐదు నెలలకు ఇది తయారైంది. లోపలి సర్క్యూట్ కొత్తది కాదు. ఫెండర్ సంస్థ 1955 నుంచి 1960 వరకు తయారుచేసిన ట్వీడ్ డీలక్స్‌లోని 5ఇ3 సర్క్యూట్ దీనికి ఆధారం. ఆ పేరులో 5 అనేది 1950ల దశాబ్దాన్నీ, ఇ అనేది సర్క్యూట్‌లో వచ్చిన సవరణల వరుసనూ, 3 అనేది డీలక్స్ మోడల్‌నూ సూచిస్తాయి. ముందు దశలో ఒక 12ఏవై7, దాని వెనుక ఒక 12ఏఎక్స్7, పవర్ దశలో రెండు 6వి6లు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్‌గా 5వై3 ఉంటాయి; ఇవన్నీ ట్యూబుల పేర్లే. మాస్టర్ వాల్యూమ్, రివర్బ్ (ప్రతిధ్వని), ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్టులు కలిపే దారి) ఏవీ లేవు. రెండు చానెళ్లకు (గిటార్ కలిపే రెండు దారులకు) చెరొక వాల్యూమ్, రెండింటికీ ఉమ్మడిగా ఒక టోన్, అంతే. రాక్ గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ దశాబ్దాలుగా వాయిస్తున్న 1959 నాటి యాంప్ కూడా ఈ కుటుంబానిదే కాబట్టి, ఆ చిరిగిన, బరువైన స్వరం విన్నవారికి దీని స్వభావం ఎలాంటిదో కొంత అర్థమవుతుంది.

చెక్కపని, పైన అంటించిన బట్ట, హ్యాండిల్ బాగున్నాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. వెనక పలక విప్పి చూసినప్పుడు మాత్రం చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ప్రతి రెసిస్టరూ ప్రతి కెపాసిటరూ తన జాగాలో నిటారుగా కూర్చుని ఉంది. ఒక్క సోల్డర్ ముద్ద కూడా మసకగా లేదు. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో వేలుపెట్టి చూపగలిగేంత స్పష్టంగా ఉంది. వేలుపెట్టి అన్నది మాటవరసకే సుమా. ఇలాంటి యాంపుల్లో ఫిల్టర్ కెపాసిటర్లు మూడు నాలుగు వందల వోల్టులు నిల్వ చేసుకుంటాయి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ఆ విద్యుత్తు ప్రాణం తీయగలదు. వాటిని ఖాళీ చేయడం తెలిసిన టెక్నీషియన్ తప్ప వేరెవరూ లోపల చేయి పెట్టకూడదు.

ముందుగా ఆ గుచ్చుకునే పైస్థాయి సంగతి. దానికి మూడు కారణాలు ఉన్నాయని తేలడానికి నాకు ఏడాది పట్టింది. మొదటిది, స్పీకర్ కొత్తది. కొత్త పన్నెండు అంగుళాల స్పీకర్ కోన్ అంచు, దాని వెనకున్న స్పైడర్ (కోన్‌ను మధ్యలో పట్టి ఉంచే ముడతల బిళ్ల) బిగుసుకుని ఉంటాయి. కొన్ని పదుల గంటలు గట్టిగా వాయించాక గానీ అవి సడలవు. రెండవది, నేను దాన్ని కుర్చీ మీద పెట్టి, నేరుగా నా చెవికి గురిపెట్టి వాయించాను. ఇంత పెద్ద స్పీకర్ నుంచి పైస్థాయి పౌనఃపున్యాలు టార్చిలైటు వెలుగులా సన్నగా ఎదురుగా ప్రసరిస్తాయి. యాంప్‌ను నేలమీదికి దించి, రెండడుగులు పక్కకు జరిగి నిలబడగానే ఫిర్యాదులో సగం మాయమైంది. మూడవ కారణం వీటన్నిటికంటే ముఖ్యమైనది, నాకు కొంత బాధ కలిగించినది కూడా.

ఎనిమిదో నెలలో ఒక 6వి6 అలసిపోయినట్టు అనిపించి, యాంప్‌ను నాకు తెలిసిన టెక్నీషియన్ దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన ట్యూబులను పరీక్షించడానికి ముందు మీటరు తీసి హీటర్ల (ట్యూబులను లోపల వేడిచేసే తీగల) వోల్టేజి కొలిచారు. 6.3 ఉండవలసిన చోట 6.9 వచ్చింది. గోడ సాకెట్‌లో 240 వోల్టులు వస్తుంటే, ట్రాన్స్‌ఫార్మర్‌లో 220 వోల్టుల తీగకు కనెక్షన్ ఇచ్చి పంపారన్నమాట. హీటర్లతో పాటు ప్లేట్ వోల్టేజి (ట్యూబు లోపలి పలకకు అందే అధిక వోల్టేజి) కూడా అదే నిష్పత్తిలో పెరిగి ఉంది. 350 దగ్గర ఉండవలసిన చోట 380 దాటింది. అంత చక్కగా సోల్డరింగ్ చేసిన చేతులే ఈ ఒక్క తీగను తప్పుగా కలిపాయని తెలిసినప్పుడు మనసు చివుక్కుమంది. తయారీదారుకు రాస్తే జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చిన జవాబులో ఏ రంగు తీగ ఎక్కడ కలపాలో చెప్పే చిత్రం ఉంది గానీ, విచారం తెలిపే మాట ఒక్కటీ లేదు. ఆ మాట ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటున్నాను. చేత్తో కట్టిన వస్తువుకు ఎదురుచూసి మరీ డబ్బు కట్టేది, పంపేముందు ఒకరు శ్రద్ధగా కొలిచి చూస్తారన్న నమ్మకంతోనే కదా.

తీగ మార్చడం పావుగంట పని. ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చి, పాత సెట్టింగులోనే మొదటి కార్డు వాయించగానే తేడా తెలిసింది. స్వరం గట్టిదనం తగ్గి, వేలి ఒత్తిడికి లొంగుతున్నట్టు మారింది. ఎక్కువ ప్లేట్ వోల్టేజి ఉన్నప్పుడు యాంప్ ఎక్కువసేపు శుభ్రంగా, బిగువుగా ఉంటుంది. అది తగ్గినప్పుడు స్వరం త్వరగా చిరగడం మొదలవుతుంది. అంటే మొదటి ఎనిమిది నెలల్లో నేను విన్నది ఈ యాంప్ అసలు గొంతు కాదు. ట్యూబ్ యాంప్ కొన్నవారు ఎవరైనా, ఎంత పేరున్న చోట కొన్నా సరే, మొదటి నెలలోనే ఒకసారి హీటర్ వోల్టేజి కొలిపించుకోమని గట్టిగా చెబుతాను. దాని వల్ల ట్యూబుల ఆయుష్షు కూడా మిగులుతుంది.

ఇక ఈ యాంప్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయానికి వస్తాను. రెండు వాల్యూమ్ నాబ్‌లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. గిటార్ ఒక చానెల్‌లోనే ఉన్నా, ఖాళీగా ఉన్న రెండో చానెల్ నాబ్ తిప్పితే స్వరం మారుతుంది. మొదటి వారంలో ఇది లోపం అనుకున్నాను. నిజానికి 5ఇ3లో రెండు చానెళ్ల మధ్య వాటిని విడదీసే రెసిస్టర్లు ఉండవు. ఖాళీ చానెల్ వాల్యూమ్ పెంచేకొద్దీ, ఆ చానెల్ ట్యూబు తన భారాన్ని మొదటి చానెల్ సంకేతం మీద మోపుతుంది. ఆ నాబ్ చివరికి చేరేసరికి గెయిన్ (సంకేతం పెరిగే మోతాదు) బాగా తగ్గి, స్వరం తేటపడుతుంది. టోన్ నాబ్ కూడా ఇదే ముడిలో ఉండటం వల్ల దాని పనితీరూ మారిపోతుంది. మూడు నాబ్‌లే ఉన్నా, వాటి అమరికలను చెవికి పట్టించుకోవడానికి నాకు నెలలు పట్టింది. నేను ఇప్పుడు ఎక్కువగా వాడేది ఇది: గిటార్ ఉన్న చానెల్ ఏడు, ఖాళీ చానెల్ తొమ్మిది, టోన్ ఐదు. నాబ్‌ల మీద అంకెలు పాత పద్ధతిలో పన్నెండు వరకు ఉంటాయి. పది దగ్గర ఆగిపోయే అలవాటున్నవారు ఈ లెక్క గమనించాలి.

వాల్యూమ్ నాలుగు దాటితే శుభ్రమైన స్వరం లేదన్న మాట నిజమే. దాన్ని లోపంగా రాయడమే తప్పు. యాంప్‌ను ఏడు దగ్గర ఉంచి, గిటార్ మీది వాల్యూమ్‌ను పదిలో ఆరుకు తగ్గిస్తే తేట స్వరం దొరుకుతుంది. ఎనిమిదికి తెస్తే గట్టిగా మీటినప్పుడు మాత్రమే అంచు చిరుగుతుంది. పదికి తెస్తే పూర్తి డిస్టార్షన్ వస్తుంది. ఇదంతా ఎడమ కాలితో ఏ పెడల్ నొక్కకుండా, కుడిచేతి చిటికెన వేలితో జరిగే పని. ఒక ఇ మేజర్ కార్డును నిండుగా మీటి వదిలిపెట్టినప్పుడు జరిగేది వినదగ్గది. తాకిడి క్షణంలో స్వరం కొద్దిగా కుంగుతుంది, తర్వాత సర్దుకుని పైకి లేస్తుంది, ఆ లేచేటప్పుడు అనుస్వరాలు (హార్మోనిక్స్) ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. 5వై3 రెక్టిఫైయర్‌కు అంతర్నిరోధం ఎక్కువ కాబట్టి, పవర్ ట్యూబులు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగినప్పుడు వోల్టేజి పడిపోయి, కాస్త ఆగి తిరిగి పుంజుకుంటుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి స్వరాన్ని సరిదిద్దే ఏర్పాటు) లేనందువల్ల ఆ కుంగుబాటును సరిదిద్దేది కూడా ఏదీ ఉండదు. నా కుడిచేతి వాయింపు ఈ మూడేళ్లలో మెత్తబడిందంటే దానికి కారణం ఈ గుణమే. గట్టిగా కొట్టినంత మాత్రాన ఈ యాంప్ పెద్దగా పలకదు, మరింత చిరుగుతుంది.

మంద్ర స్వరాల ముద్దతనం గురించి రాసింది సగం నిజం. సింగిల్ కాయిల్ పికప్‌లతో (తీగల కంపనాన్ని సంకేతంగా మార్చే, ఒకే చుట్ట ఉన్న భాగాలతో) ఆ సమస్య లేదు. మెడ వైపున్న హంబకర్‌తో (రెండు చుట్టల పికప్‌తో) వాల్యూమ్ ఎనిమిది దాటించినప్పుడు మాత్రం ఆరో తీగ స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పాత సర్క్యూట్‌లో 6వి6ల గ్రిడ్‌లకు (ట్యూబులో సంకేతం అందుకునే భాగాలకు) సంకేతాన్ని అందించే కెపాసిటర్లు 0.1 మైక్రోఫారడ్‌వి. బలమైన మంద్ర స్వరం వచ్చినప్పుడు అవి చార్జితో నిండి, దాన్ని వదులుకోవడానికి సమయం తీసుకుంటాయి. ఆ కాసేపూ ట్యూబు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. రెండో ఏడాది వాటి స్థానంలో 0.022 మైక్రోఫారడ్‌వి వేయించాను. కోలుకునే సమయం ఐదో వంతుకు తగ్గడంతో, హంబకర్ స్వరాలు ఇప్పుడు విడివిడిగా వినబడుతున్నాయి. తేట స్వరంలో నాకు ఏ తేడా తెలియలేదు. దీనితో పాటు మొదటి 12ఏవై7 తీసి 12ఏఎక్స్7 పెట్టి కూడా చూశాను. గెయిన్ చాలా పెరిగింది గానీ, గిటార్ నాబ్‌కు ఉన్న ఆ మెట్లు కుంచించుకుపోయాయి. వారం తర్వాత పాతదే పెట్టేశాను.

ఒకసారి జరిగిన ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే కాంబో యాంప్ (స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉండేది) ఉన్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గరి జి స్వరం వాయించినప్పుడు మాత్రమే, డబ్బాలో చిల్లర కదిలినట్టు ఒక గలగల వినిపించసాగింది. ముందు ట్యూబును అనుమానించి పెన్సిల్ చివరతో ఒక్కొక్కదాన్నీ మెల్లగా తట్టాను. ఏదీ మోగలేదు. తర్వాత యాంప్ ఆపి, దాని అవుట్‌పుట్‌ను అదే 8 ఓమ్‌ల వేరే స్పీకర్ క్యాబినెట్‌కు కలిపి వాయిస్తే గలగల పూర్తిగా పోయింది. అంటే అది విద్యుత్తు లోపం కాదు, పెట్టెలోనే ఏదో కదులుతోంది. మళ్లీ లోపలి స్పీకర్‌కు మార్చి, ఒక స్నేహితుడిని ఆ జి స్వరమే వాయిస్తూ ఉండమని, నేను అరచేతితో పెట్టె మీద ఒక్కో చోట అదుముతూ వచ్చాను. వెనక పలక కుడి మూల అదమగానే నిశ్శబ్దం. ఒక స్క్రూ పావు చుట్టు వదులైంది, అంతే. స్పీకర్లు మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు మరువకూడదు: యాంప్ ఆపే ఉంచాలి, స్పీకర్ ఏదీ కలపకుండా ఎప్పుడూ వాయించకూడదు. భారం లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

శబ్దం స్థాయి విషయంలో ఎవరూ భ్రమపడవద్దు. 15 వాట్లంటే చిన్నదని వినేవారికి అనిపిస్తుంది. ఈ యాంప్ ఏడు దగ్గర ఉంటే, డ్రమ్స్ వాయించేవారి పక్కన సునాయాసంగా నిలబడుతుంది, మూసిన గదిలో చెవులకు హాని చేస్తుంది. పవర్‌ను పదో వంతుకు తగ్గించి ఒకటిన్నర వాట్లు చేసినా, తగ్గేది 10 డెసిబెల్సే, చెవికి దాదాపు సగం అయినట్టు అనిపిస్తుంది. నేను ఇంట్లో అటెన్యుయేటర్ (యాంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పవర్ తగ్గించే పరికరం) వాడుతున్నాను. 8 డెసిబెల్స్ వరకు తగ్గించినప్పుడు స్వరం బాగానే నిలుస్తుంది. అంతకు మించితే స్పీకర్ కోన్ కదలిక చాలక, ఇంతసేపూ నేను మెచ్చుకున్న ఆ లేచే గుణం చప్పబడుతుంది. తక్కువ శబ్దంలోనే వాయించుకోవలసినవారు, ఆధునిక మెటల్ వాయించేవారు, పెద్ద వేదిక మీద పూర్తి తేట స్వరం కావాలనుకునేవారు వేరే యాంప్ చూసుకోవడం మంచిది.

గత నెలలో 6వి6ల జతను రెండోసారి మార్చాను. వోల్టేజి సరిచేయకముందు పెట్టిన జత ఎనిమిది నెలలకే అలసిపోయింది. సరిచేశాక పెట్టిన జత రెండేళ్లకు పైగా నడిచింది. కేథోడ్ బయాస్ యాంప్ (ట్యూబుల కరెంటును తనంతట తానే సర్దుకునే రకం) కాబట్టి కొత్త జత పెట్టాక బయాస్ సర్దవలసిన నాబ్ ఏదీ లేదు. అయినా టెక్నీషియన్ చేత కరెంటు కొలిపించాను, రెండు ట్యూబులూ దాదాపు సమానంగా లాగుతున్నాయి. ముందు దశలోని 12ఏవై7 మాత్రం మొదటి రోజు వచ్చినదే. ఇప్పటికీ చిన్న చప్పుడు కూడా చేయడం లేదు.