ఆగని చిన్న బండి: కీప్ అలైవ్ వాడకంపై నా మాట

ఇంట్లో మోడల్ రైలు నడిపేవాళ్లకి చూపుడు వేలితో ఇంజన్‌ని పొడవడం అలవాటే. పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే చోటు) మీదకి రాగానే ఆగుతుంది, చిన్న పోటు పొడిస్తే కదులుతుంది. చూడటానికి వచ్చిన చుట్టాలు నవ్వుతారు. నా లేఅవుట్ మీద ఆ వేలి పని పోయి కొన్నేళ్లయింది. దానికి కారణం కీప్ అలైవ్, అంటే పట్టాల నుంచి కరెంటు అందని క్షణాల్లో దాచుకున్న కరెంటుతో ఇంజన్‌ని నడిపించే కెపాసిటర్ల మూట. డీసీసీ (పట్టాల ద్వారానే ఇంజన్‌కి ఆజ్ఞలు పంపే పద్ధతి), డీకోడర్ (ఇంజన్‌లో ఆ ఆజ్ఞలు అందుకునే చిన్న సర్క్యూట్), ఫోన్‌తో నడపడం ఇవన్నీ తెలిసినవే కాబట్టి వదిలేసి, ఈ ఒక్క కెపాసిటర్ల మూట గురించే రాస్తున్నాను.

మాది టెక్కలి. నేను కట్టుకున్నది మా పక్కనున్న నౌపడ లైను. 1900లో పర్లాకిమిడి దాకా వేసి, తర్వాత గుణుపురం వరకు పొడిగించిన రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య దూరం). 2004లో ఆ చిన్న బండి ఆగిపోయి, లైను బ్రాడ్‌గేజి అయింది. నా మోడల్ అసలు బండిలో 87వ వంతు. రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే 8.76 వస్తుంది, బజారులో దొరికే ఎన్ గేజి మోడల్ పట్టాలు 9. చూసే కంటికి తేడా తెలియదు. మన ఇంజన్లు బజారులో దొరకవు కాబట్టి ఆస్ట్రియా 760 మిల్లీమీటర్ల గేజి ఆవిరి ఇంజన్ మోడల్ ఒకటి తెప్పించి నల్లరంగు వేశాను. పెద్దాయన ఒకరు చూసి "మన బండి ఇంత నాజూగ్గా ఉండేది కాదురా బాబూ" అన్నారు. నిజమే.

ఆ నాజూకుతనమే తంటా. ఇంజన్ బరువు లేదు, చక్రాలు ఆరే. పాయింటులో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు, ఫ్రాగ్ అంటామే, అది నా పాయింట్లలో ప్లాస్టిక్‌ది. చక్రాలు దాని మీదకి రాగానే కరెంటు అందదు. పైగా ఉప్పుమళ్ల వైపు నుంచి వచ్చే గాలి. నికెల్ సిల్వర్ పట్టాలు అన్నది పేరుకే, అందులో వెండి లేదు, నాలుగు రోజులు నడపకపోతే మసకబారతాయి. వేగంగా పోనిస్తే ఇవేవీ పట్టవు. కానీ నౌపడ బండిని రాజధానిలా పరిగెత్తిస్తే ఇంక అది నౌపడ బండి ఎలా అవుతుంది?

కీప్ అలైవ్ పెట్టడానికి ఇంజన్‌లో చోటు లేదు. నాది ఆరు సూపర్ కెపాసిటర్ల వరస, ఒక్కోటి 2.7 వోల్టులు. వెనకున్న బ్రేక్ వాన్‌లో (గార్డు పెట్టెలో) దాన్ని పెట్టి, రెండు సన్నటి తీగలు డీకోడర్‌కి లాగాను. ఒకటి డీకోడర్ నీలం తీగకి (ప్లస్), రెండోది గ్రౌండ్‌కి (మైనస్). కొన్ని చవక డీకోడర్లలో ఈ గ్రౌండ్ చుక్క ఎక్కడుందో వెతుక్కోవడమే పెద్ద పని. మధ్యలో చిన్న ప్లగ్గు పెట్టుకోండి. కెపాసిటర్ తగిలించి ఉంటే ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు మార్చే పట్టా) మీద డీకోడర్ సరిగ్గా జవాబివ్వదు, ఊడదీసి చేసుకోవాలి.

పెట్టాక మొదటిసారి అతి తక్కువ వేగంలో పాయింటు దాటించినప్పుడు నాకు కలిగిన ఆనందం ఏం చెప్పను! దీపం రెపరెపలాడలేదు, చక్రం తడబడలేదు. ఆ రాత్రి భోజనానికి పిలుస్తున్నా దిగలేదు.

ఇంక అసలు సంగతి. లేఅవుట్ గది నాలుగు గోడల వెంట తిరుగుతుంది. గుమ్మం దగ్గర కీలు మీద లేచే వంతెన ఉంది. వంతెన ఎత్తగానే ఒక స్విచ్ అటూ ఇటూ ఒక్కో అడుగు మేర పట్టాలకి కరెంటు తీసేస్తుంది. వచ్చే బండి ఏదైనా ఆ అడుగులో ఆగాలి. నా డీజిల్ ఇంజన్ ఎన్నోసార్లు అలాగే ఆగింది.

ఒక సాయంత్రం మా ఆవిడ టీ తెస్తూ ఎప్పట్లాగే మోచేత్తో వంతెన ఎత్తింది. ఆవిరి ఇంజన్ కరెంటు లేని అడుగులోకి వచ్చింది. ఆగలేదు. దీపమూ ఆరలేదు. నేను గది అవతలి మూల నుంచి ఫోన్లో స్టాప్ నొక్కాను. నొక్కి ఏం లాభం, పట్టాల్లో కరెంటే లేనప్పుడు ఆ మాట ఇంజన్‌కి ఎలా చేరుతుంది? డీకోడర్ తనకి చివరగా అందిన ఆజ్ఞనే పట్టుకుని అదే వేగంతో అంచు దాకా వెళ్లింది. ముందు ఇంజన్, దాని వెనకే వాన్, ఆ వెనక ఒక పెట్టె గచ్చు మీద పడ్డాయి. కింద నుంచి అత్తయ్య "ఏటా సౌండు? ఏటి పడిపోనాది?" అని కేక. మా ఆవిడ మాత్రం టీ కప్పు అక్కడే పెట్టి, "కరెంటు తీసేత్తే ఆగాలి గదా, ఇదేటి ఆగదు?" అంది. ప్రశ్న సరైనదే.

పొగగొట్టం విరిగింది, చక్రాల పక్కనుండే కడ్డీ వంగింది. గొట్టం అతికించాను, కడ్డీని పట్టకారుతో సరిచేశాను. ఇప్పటికీ ఒక వైపు కొంచెం కుంటుతుంది.

లెక్క వేస్తే అంతా అర్థమవుతుంది. అసలు బండి గంటకి 20 కిలోమీటర్లు పోతే, 1:87లో అది సెకనుకి ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అడుగు దాటడానికి అయిదు సెకన్లు చాలు. నా కెపాసిటర్లు అంతకంటే ఎక్కువే లాగుతాయి. దీనికి మందు డీకోడర్‌లోని సీవీ 11 అనే సెట్టింగులో ఉంది. సరైన ఆజ్ఞ అందకపోతే ఎంతసేపటికి బండి ఆపాలో అందులో చెప్పొచ్చు. సున్నా ఉంటే గడువు లేనట్టే. నేను సుమారు ఒక సెకను పెట్టుకున్నాను. నా డీకోడర్ దాన్ని పాటిస్తోంది, మీది పాటిస్తుందో లేదో వంతెన దగ్గర కాకుండా మధ్య లైనులో పరీక్షించుకోండి. దీనికి తోడు, వంతెన లేచినప్పుడు పట్టాలకి అడ్డంగా లేచే చెక్క ముక్క కూడా బిగించాను. కెపాసిటర్ చెక్కని దాటలేదు.

ఫ్రాగ్ దాటడానికి అర సెకను సరిపోతుంది. అంటే అయిదారు సెకన్ల శక్తికి డబ్బు పెట్టి, ఒక్క సెకనే వాడుకుంటున్నాను. ఆ ఒక్క సెకనుకి చిన్న కెపాసిటర్లే చాలేవేమో, ఈ వాన్‌ని ఇంజన్‌కి శాశ్వతంగా కట్టేయాల్సిన అవసరమూ ఉండేది కాదేమో. నౌపడలో ఇంజన్ ఊడి, బండి చుట్టూ తిరిగి రెండో చివర తగులుకోవాలి. నా ఇంజన్ ఎటు పోయినా వాన్ తోకలా వెంటే వస్తుంది. తెలిసినవాడి కంటికి అది ఒప్పదు.

ఇంకో సంగతి, పట్టాలు మాసినా ఇంజన్ చెప్పడం మానేసింది. ఇప్పుడు పెట్టెల్లోని దీపాలు మిణుకుమిణుకుమంటే అప్పుడు స్పిరిట్ గుడ్డ తీస్తున్నాను. మేడ మీద గది కావడంతో రోహిణి కార్తె ఎండలకి కెపాసిటర్లు కూడా వడలినట్టున్నాయి, మొదట్లో లాగినంతసేపు లాగడం లేదు. సెకను పరిమితి పెట్టాక ఆ తేడా నాకు అడ్డు రావడం లేదు, అది వేరే విషయం.

కొనమంటారా అంటే, నాలా చిన్న ఇంజన్, ప్లాస్టిక్ ఫ్రాగ్, సముద్రపు గాలి ఉన్నవాళ్లు కొనండి. కాకపోతే చిన్నది కొనండి. ఎనిమిది చక్రాల డీజిల్ నడిపేవాళ్లకి దీని అవసరం అంతగా కనబడదు. షంటింగే (యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చడమే) మీ సరదా అయితే ముందు ఫ్రాగ్‌కి కరెంటు ఇచ్చే పాయింట్లు వేసుకోండి. టెక్కలి యార్డులో నేనూ ఇప్పుడు ఆ పనే మొదలుపెట్టాను, రెండు పాయింట్లు మార్చడం అయింది, మిగతావి డబ్బులు చూసుకుని.