ఎల్డెన్ రింగ్: ఓపికుంటే కొనండి, ఒంటరిగా కూర్చునే వీలుంటేనే కొనండి

ఎల్డెన్ రింగ్ కొనొచ్చా అని మా శ్రీకాకుళం కుర్రాళ్లు ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే. రాత్రి భోజనాలయ్యాక గంటన్నర నిన్నెవరూ పిలవకుండా ఉంటారా? ఈ గేమ్‌కి పాజ్ బటన్ లేదు మరి. గ్యాస్ బండ మార్చమని అమ్మ పిలిస్తే, వెళ్లొచ్చేసరికి మన వీరుడు చచ్చి పడుంటాడు.

2022 ఫిబ్రవరిలో వచ్చిందిది. డార్క్ సోల్స్ గేమ్ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లదే, దర్శకుడు హిదెతక మియజాకి. ఈజీ, హార్డ్ అని ఎంచుకోవడాలు లేవు. చస్తే కూడబెట్టిన రూన్లన్నీ (ఈ ఆటలో డబ్బులూ, బలం పెంచుకునే పాయింట్లూ అవే) అక్కడే రాలిపోతాయి. తిరిగి వెళ్లి ఏరుకోవాలి, ఈలోపు ఇంకోసారి చచ్చామా, గోవిందా.

చాలామంది అన్‌ఇన్‌స్టాల్ కొట్టేది మార్గిట్ అనే బాస్ (దారికడ్డంగా నిలబడే పెద్ద శత్రువు) దగ్గర. స్టార్మ్‌వీల్ కోటకి ముందు కాపు కాస్తుంటాడు. వాడు కర్ర ఎత్తగానే మన వేలు దొర్లే బటన్ మీద పడుతుంది. వాడేమో దించడు, ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంచుతాడు. మనం దొర్లి లేచేసరికి అప్పుడు దించుతాడు, నెత్తిమీద. వెనక మంచమ్మీంచి చూస్తున్న మా మామ్మ, "ఏటిరా, మళ్లీ సచ్చిపోనావా? ఆడు దించిందాకా ఆగలేవేటి?" అంది. యూట్యూబ్‌లో అరగంట వీడియోలు చెప్పేదీ అదే.

అసలు విషయమేంటంటే, ఈజీ మోడ్ లేదన్నమాటే గానీ అది ఆట లోపలే దాగి ఉంది. మార్గిట్‌ని అక్కడే వదిలేసి దక్షిణానికి పోవచ్చు. కోట పక్కనుంచి చుట్టుతిరిగి ముందుకీ పోవచ్చు. స్మితింగ్ రాళ్లు ఏరి కత్తికి పదును పెంచి, ప్రాణం పెంచే విగర్‌లో నాలుగు పాయింట్లు పోసి, మన తరఫున పోరాడే ఆత్మల్ని, అదే స్పిరిట్ యాషెస్‌ని, సాయానికి పిలుచుకుంటే అదే మార్గిట్ మామూలు శత్రువైపోతాడు. అవి వాడితే గెలిచినట్టు కాదని వెక్కిరించేవాళ్లుంటారు. ఉండనీండి.

అలాగని కష్టమంతా న్యాయంగా ఉందనను. మలేనియా అనే బాస్ కొట్టిన ప్రతి దెబ్బకీ తన ప్రాణం కొంత పూడ్చుకుంటుంది. మనం డాలు అడ్డం పెట్టినా సరే! చివరి బాస్‌తో కొట్లాట కన్నా దాని వెనక పరుగే ఎక్కువ. నేలమాళిగల్లో చూసిన బాసులే మళ్లీ ఎదురవుతుంటే విసుగొస్తుంది. కథ కూడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, వస్తువుల కింద రాసిన నాలుగేసి ఇంగ్లిష్ ముక్కలు చదివి మనమే అతుక్కోవాలి. నాకది నచ్చింది, మా బావకి నచ్చలేదు.

పీసీలో ఎంత ఖరీదు గ్రాఫిక్స్ కార్డున్నా సెకనుకి 60 ఫ్రేములు దాటదు. కీబోర్డ్‌తో కుస్తీ పట్టకుండా కంట్రోలర్ తీసుకోండి. గాలివానకి మధ్యలో కరెంటు పోయినా భయం లేదు, దానంతటదే సేవ్ చేసుకుంటూ ఉంటుంది. బాస్‌తో పోరాడుతుండగా పోయింది నాకు, తిరిగి తెరిస్తే బాస్ గదికుండే పొగమంచు తలుపు బయట నిలబెట్టింది. రూన్లు భద్రం. 2024లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ (విడిగా అమ్మే అదనపు భాగం) ఇప్పుడే కొనకండి. రదాన్, మోగ్ అనే బాసులిద్దర్నీ ఓడిస్తే గానీ అందులోకి దారి లేదు.

పీసీ గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బులు వెనక్కి అడగొచ్చు. ఆ కాస్త సేపూ గుర్రం సంపాదించి ఊరికే తిరగండి. మొదట్లోనే కనబడే ఆ బంగారు కవచం గుర్రపువాడి జోలికి మాత్రం పోకండి.