పిక్ లైన్‌తో ఆరు నెలలు: రాయగడ నుంచి నా అనుభవం

రొమ్ము క్యాన్సర్‌కి మొదటి కీమో మామూలుగా చేతి నరానికే ఎక్కించారు. మేం ఎర్ర మందు అనుకునేది. వారం తిరక్కుండానే ఆ నరం నల్లబడి తాడులా గట్టిపడింది. రెండోసారి నరం దొరక్క నాలుగు పోట్లు పొడిచాక, పిక్ లైన్, అంటే నెలల తరబడి చేతి నరంలో ఉంచే సన్నటి గొట్టం, వేయించుకోమని డాక్టరుగారు చెప్పారు. నాకు ఎడమ రొమ్ముకి ఆపరేషన్ అయింది కాబట్టి కుడి చేతికి, మోచేతి పైన వేశారు. మత్తు సూది చురుక్కుమంది, అంతే. లోపల ఆ సన్నటి గొట్టం గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్తుంది. కొస సరైన చోటే ఉందని ఎక్స్‌రేలో చూశాకే మందు ఎక్కించారు.

మందు ఎక్కించుకునే విషయంలో దీనికి వంక పెట్టలేను. ఆ తర్వాత మూడు ఎర్ర మందులు, పన్నెండు వారాలు వారం వారం ఎక్కించే మందు, మధ్యలో రక్త పరీక్షలు, అన్నీ దీంట్లోంచే జరిగాయి. సూది అంటే ఉన్న భయం పోయింది. కష్టమంతా ఇంటి దగ్గరే.

వైద్యం విశాఖలో, మా ఇల్లు ఒడిశాలోని రాయగడలో. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి వెళ్లే రైలు ప్రయాణం. ఎర్ర మందు మూడు వారాలకోసారి. డ్రెస్సింగ్, ఫ్లష్ (గొట్టం మూసుకుపోకుండా సిరంజితో సెలైన్ తోయడం) మాత్రం వారం వారం చేయాలి. మధ్యలో రెండు వారాలు ఎవరు చేస్తారు? ఊళ్లో ఒక క్లినిక్‌కి వెళ్లాం. అక్కడి అమ్మాయి ప్లాస్టర్‌ని పైనుంచి కిందికి సర్రున లాగింది. గొట్టం కూడా దాంతోపాటే జారింది. చర్మం బయట మూడు సెంటీమీటర్లు ఉండాల్సింది ఐదు కనిపించింది. లోపలికి తోసేద్దామంది. మా ఆయన ఒప్పుకోలేదు. బయటికి వచ్చిన గొట్టాన్ని మళ్లీ లోపలికి నెట్టకూడదు, దాంతో క్రిములు లోపలికి పోతాయి. అలాగే అతికించి మర్నాడు విశాఖ వెళ్లాం. మళ్లీ ఎక్స్‌రే తీశారు. కొస ఇంకా పనికొచ్చే చోటే ఉందన్నాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

ఆ రోజే మా ఆయన ఆసుపత్రి నర్సు పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. ప్లాస్టర్ మోచేతి వైపు నుంచి భుజం వైపుకి, చర్మానికి ఆనించి మెల్లగా తీయాలి. చర్మం శుభ్రం చేసే మందు రుద్దాక దానంతట అదే ఆరాలి, ఊదకూడదు. ఫ్లష్‌కి పది మిల్లీలీటర్ల సిరంజి వాడాలి. చిన్న సిరంజితో ఒత్తిడి ఎక్కువై గొట్టం చిట్లవచ్చు. కొంచెం తోసి ఆగి, మళ్లీ కొంచెం తోయాలి. వెళ్లకపోతే బలవంతం చేయకూడదు. ఆదివారం పొద్దున్న కిటికీ దగ్గర కుర్చీ వేసి, ఫ్యాను ఆపి, మాస్కులు కట్టుకుని కూర్చునేవాళ్లం. స్కేలు పెట్టి కొలిచి క్యాలెండర్‌లో రాసేవారు. చివరిదాకా ఐదు ఐదుగానే ఉంది.

ఎండాకాలం చెమటకి ప్లాస్టర్ అంచు లేచిపోయేది. లేస్తే వారం అయ్యేదాకా ఆగకండి, వెంటనే మార్చండి. స్నానానికి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ చుట్టి, చేయి పక్కకి చాపి పోసుకునేదాన్ని. జాకెట్లకి కుడి చేతి కుట్టు విప్పించి టిచ్ బటన్లు పెట్టించాను. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లినా ఎవరికీ తెలిసేది కాదు. నీళ్ల బిందె మాత్రం ఆరు నెలలు ముట్టుకోలేదు.

ఇంకో చిక్కు బీపీ. ఎడమ చేయి ఆపరేషన్ వల్ల వద్దన్నారు, కుడి చేతికి లైన్. విశాఖలో కాలికి పట్టీ కట్టి చూసేవారు. ఇక్కడ ఎక్కడికి వెళ్లినా అలవాటుగా కుడి చేయే పట్టుకునేవారు. మా ఆయన తెలుగులో, ఒడియాలో రాసిన చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా పర్సుకి తగిలించారు: ‘చేతులకి బీపీ చూడొద్దు, సూది వేయొద్దు.’ నోటితో చెప్పినదానికంటే ఆ చీటీ బాగా పనిచేసింది.

100.4 దాటిన జ్వరం, ఫ్లష్ చేసిన కాసేపటికే వణుకు, చేయి గానీ మెడ గానీ వాయడం, వీటిలో ఏది వచ్చినా రాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. నాకు రాలేదు. అయినా సంచి ఎప్పుడూ సర్దే ఉంచాం.

మళ్లీ అవసరమైతే? ఇంట్లో చేసే మనిషి ఉంటే పిక్ లైనే. లేకపోతే, మందు నెలల తరబడి ఉంటే, చర్మం కింద పెట్టే పోర్ట్ గురించి మొదటే డాక్టరుగారిని అడుగుతాను. దానికి వారం వారం డ్రెస్సింగ్ అక్కర్లేదు.

తీసేటప్పుడు రెండు నిమిషాలు కూడా పట్టలేదు, నొప్పి లేదు. మూర దగ్గర దగ్గర ఉంది ఆ గొట్టం. మా పక్క వీధిలో ఒకావిడకి వచ్చే వారం లైన్ వేస్తున్నారు. మిగిలిన ప్లాస్టర్లు డేట్ చూసి పక్కన పెట్టాను. ఎలా చేయాలో వాళ్లబ్బాయికి చూపించడానికి మా ఆయన ఆదివారం వెళ్తానన్నారు.