అలెగ్జాండర్ మరణం: విషమా, మలేరియానా, టైఫాయిడా?

అలెగ్జాండర్ ప్రస్తావన వస్తే చాలు, "విషం పెట్టారట కదా?" అని అడుగుతారు. క్రీ.పూ. 323 జూన్‌లో, 33 ఏళ్లయినా నిండకుండా బాబిలోన్‌లో పోయాడు కాబట్టి అనుమానం సహజమే. మాసిడోనియాలో రాజు ప్రతినిధిగా పాలించిన యాంటిపేటర్ కొడుకు మద్యంలో కలిపాడని పాత కథ. తెల్ల హెల్లెబోర్ మొక్క విషమని కొత్త వాదన.

విషాన్ని పక్కన పెట్టడానికి నాకు జ్వరం ఒక్కటే చాలు. రాజు దినచర్య పుస్తకం నుంచి గ్రీకు రచయిత ప్లూటార్క్ ఎత్తి రాసిన వివరాల ప్రకారం అది మాసిడోనియా పంచాంగంలోని డేసియోస్ నెల 18న మొదలైంది. మొదట్లో స్నానాలు, పాచికలు, నౌకాదళాధిపతి నియార్కస్ చెప్పే సముద్రయానం కబుర్లు మామూలుగానే సాగాయి. 22 నాటికి జ్వరం ముదిరింది. 24న పూజకు మోసుకెళ్లాల్సి వచ్చింది. 25న మాట పడిపోయింది, 28 సాయంత్రం ప్రాణం పోయింది. సోక్రటీస్ తాగిన హెమ్లాక్ మొక్క విషం ఒక్క సాయంత్రంలో పని ముగించింది. పది రోజుల పాటు మెట్టు మెట్టుగా జ్వరాన్ని పెంచే విషం ఏదో నాకు తోచదు. పైగా ఆ దినచర్యలో వాంతుల ఊసే లేదు.

ఇక అసలు పోటీ మలేరియాకూ టైఫాయిడ్‌కూ మధ్యే. అంతకుముందే యూఫ్రటీస్ నది చిత్తడి నేలల్లో పడవ మీద తిరిగాడు కనుక దోమలకు కొదవ లేదు. అయితే ప్రాణం తీసే మలేరియా మెదడుకెక్కితే స్పృహ పోతుంది. ఈయన మాత్రం మాట లేకపోయినా, మంచం పక్కగా సాగిన సైనికులను తల కాస్త ఎత్తి కళ్లతోనే పలకరించాడని ప్రాచీన చరిత్రకారుడు ఏరియన్ రాశాడు. అందుకే నా మొగ్గు టైఫాయిడ్ వైపు. టైఫాయిడ్‌తో పేగుకు రంధ్రం పడి, కాళ్ల నుంచి పైకి పక్షవాతం పాకిందని 1998లో అమెరికా వైద్యులు కొందరు వాదించారు. విందులో పెద్ద పాత్రెడు మద్యం తాగగానే నొప్పితో అరిచాడన్న మరో ప్రాచీన చరిత్రకారుడు డయొడోరస్ మాట దీనికి కొంత ఊతం. ప్లూటార్క్ మాత్రం ఆ నొప్పి కట్టుకథ అంటాడు.

బాబిలోన్ గోడల దగ్గర కాకులు చచ్చిపడ్డాయి కనుక పక్షులనూ చంపే వెస్ట్ నైల్ వైరస్ అన్నవారూ ఉన్నారు. కాకుల శకునంతో రోగం తేల్చలేం.

స్పృహ ఉండగానే నరాలు దెబ్బతిని ఒళ్లు చచ్చుబడే గిలాన్-బరే సిండ్రోమ్ అన్న 2018 నాటి వాదన ఆ కళ్ల పలకరింపుకు బాగా సరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ పక్షవాతం సాధారణంగా జ్వరం తగ్గాక వస్తుంది. ఇక్కడ జ్వరం చివరిదాకా వదల్లేదు.

టైఫాయిడ్‌కూ ఒక చిక్కుంది. పేగుకు రంధ్రం పడడం ఎక్కువగా మూడో వారంలో చూస్తాం. పది రోజులంటే తొందరే, ఆ విందుకు ముందే ఒళ్లు వెచ్చగా ఉండి లెక్కచేయలేదనుకుంటే తప్ప.